నలుపు-తెలుపు ఫిల్ము ఛాయాచిత్రాలలో తక్కువ కాంట్రాస్టు

నలుపు-తెలుపు ఫిల్ము ఛాయాచిత్రకళలో తక్కువ కాంట్రాస్టు అనగా చిత్రంలోని అతి నల్లని భాగానికి, అతి తెల్లని భాగానికి మధ్య ఉండవలసినంత వ్యత్యాసం లేక, చిత్రమంతా బూడిద రంగు ఛాయలలో పేలవంగా కనిపించే లోపం. ఇటువంటి చిత్రంలో నలుపు ముదురు బూడిదగాను, తెలుపు మాసిన గుడ్డ వలెను కనిపిస్తాయి. దృశ్యంలోని కాంతి, కెమెరా కటకం, ఎక్స్‌పోజరు, ఫిల్మును కడగడం (డెవలపింగు), ప్రింటు వేయడం అనే అయిదు దశలలో ఏ ఒక్క దశలోనైనా ఈ లోపం తలెత్తవచ్చును. పైకి ఒకేలా కనిపించినా ఒక్కొక్క కారణానికి చికిత్స వేరు. ప్రింటులో వచ్చిన లోపాన్ని మరొక కాగితం మీద సులభంగా సరిదిద్దవచ్చును. నెగెటివులో నమోదు కాని వివరాన్ని మాత్రం తరువాత ఏ పద్ధతిలోను తిరిగి రాబట్టలేరు. అందువలన లోపం ఏ దశలో వచ్చిందో ముందుగా నిర్ధారించడం ఈ విషయంలో అన్నింటికంటే ముఖ్యమైన పని.

కాంట్రాస్టు ఏర్పడే విధానం

నలుపు-తెలుపు ఫిల్ము మీద జెలటిన్‌లో కలిపిన సిల్వర్ హాలైడు స్ఫటికాల పూత ఉంటుంది. దీనిని ఎమల్షను అంటారు. కాంతి తగిలిన స్ఫటికాలలో కంటికి కనిపించని గుప్త ప్రతిబింబం ఏర్పడుతుంది. డెవలపర్ అనే రసాయన ద్రావణం ఆ స్ఫటికాలను లోహపు వెండిగా మారుస్తుంది. ఈ వెండి నల్లగా కనిపిస్తుంది. కాంతి తగలని స్ఫటికాలను ఫిక్సర్ కరిగించి తొలగిస్తుంది. ఎక్కువ కాంతి పడినచోట ఎక్కువ వెండి, తక్కువ కాంతి పడినచోట తక్కువ వెండి మిగులుతాయి. కనుక నెగెటివులో వెలుగు భాగాలు నల్లగాను, నీడ భాగాలు పారదర్శకంగాను ఉంటాయి.

నెగెటివులోని నలుపును సాంద్రత అనే కొలతతో తెలుపుతారు. ఇది కాంతి నిరోధకతకు 10 ఆధారంగా తీసుకొన్న సంవర్గమానం. సాంద్రత 1.0 ఉన్నచోట పడిన కాంతిలో పదవ వంతు, 2.0 ఉన్నచోట నూరవ వంతు మాత్రమే దాటి వస్తుంది. వివరం ఉన్న నీడ భాగానికి, వివరం ఉన్న వెలుగు భాగానికి మధ్య గల సాంద్రతల తేడాయే నెగెటివు కాంట్రాస్టు. సాధారణ గ్రేడు 2 కాగితానికి, కాంతిని పరచి పంపే డిఫ్యూజన్ ఎన్లార్జరులో, ఈ తేడా సుమారు 1.0 నుండి 1.1 వరకు ఉంటే సరిపోతుంది.

కాంతికి, సాంద్రతకు గల సంబంధాన్ని ఇంగ్లండులో పనిచేసిన ఫెర్డినాండ్ హర్టర్, వెరో ఛార్లెస్ డ్రిఫీల్డ్ అనే శాస్త్రజ్ఞులు 1890లో ప్రకటించారు. వారు గీసిన రేఖను అభిలక్షణ వక్రరేఖ అంటారు. దీనిలో పాదం, సరళరేఖ భాగం, భుజం అని మూడు భాగాలు ఉంటాయి. సరళరేఖ భాగం ఎంత ఏటవాలుగా ఉంటే కాంట్రాస్టు అంత ఎక్కువ. ఈ వాలును గామా అంటారు. వక్రరేఖ పాదంలో గాని, భుజంలో గాని పడిన ఛాయల మధ్య తేడాలు కుదించుకొనిపోతాయి. చిత్రాలు పేలవంగా రావడానికి గల కారణాలలో అనేకం ఈ వక్రరేఖను బట్టి అర్థమవుతాయి.

డెవలపింగు కాలం పెరిగేకొద్దీ వెలుగు భాగాల సాంద్రత వేగంగా పెరుగుతుంది. నీడ భాగాల సాంద్రత కొద్దిగా మాత్రమే పెరుగుతుంది. అనగా నీడ భాగాల వివరాలను ప్రధానంగా ఎక్స్‌పోజరు, వెలుగు భాగాల సాంద్రతను ప్రధానంగా డెవలపింగు నిర్ణయిస్తాయి. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1939-40 ప్రాంతంలో లాస్ ఏంజిల్స్‌లో రూపొందించిన జోన్ పద్ధతికి ఈ సూత్రమే పునాది.

లోపాన్ని గుర్తించే క్రమం

పరిశీలన ప్రింటుతో మొదలుపెట్టక, నెగెటివుతో మొదలుపెట్టాలి. నెగెటివును తెల్లని కాంతి గల బల్ల మీద గాని, కిటికీ వెలుతురులో గాని ఉంచి భూతద్దంతో చూడాలి. గమనించవలసినవి నాలుగు అంశాలు.

మొదటిది, నీడ భాగాలు. చెట్టు నీడ, నల్లని జుట్టు, ముదురు రంగు బట్ట వంటి చోట్ల నెగెటివులో కొద్దిపాటి వివరమైనా కనిపించాలి. అక్కడ ఏమీ లేక ఖాళీ ఫిల్ము వలె ఉంటే ఎక్స్‌పోజరు చాలలేదని అర్థం.

రెండవది, వెలుగు భాగాలు. తెల్లని గోడ, ఎండ తగిలిన పంచె, ఆకాశం వంటివి నెగెటివులో నల్లగా ఉండాలి. నెగెటివును అచ్చు కాగితం మీద పరచినప్పుడు, సరైన సాంద్రత గల వెలుగు భాగాల గుండా కింది అక్షరాలు కష్టం మీద కనిపిస్తాయి. అక్షరాలు తేలికగా చదవగలిగితే వెలుగు భాగాల సాంద్రత తక్కువగా ఉన్నట్లు.

మూడవది, ఫిల్ము అంచున ఉండే ఫ్రేము సంఖ్యలు, ఫిల్ము పేరు. వీటిని తయారీదారు కర్మాగారంలోనే కాంతితో ముద్రిస్తాడు. కెమెరాకు వీటితో సంబంధం లేదు. కనుక ఈ అక్షరాలు నల్లగా, స్పష్టంగా ఉండి చిత్రాలు మాత్రమే పలుచగా ఉంటే లోపం ఎక్స్‌పోజరుదే. అక్షరాలు కూడా వెలిసినట్లు బూడిద రంగులో ఉంటే లోపం డెవలపింగులో ఉంది. 35 మి.మీ. ఫిల్ములో పగటి వెలుతురు తగిలిన మొదటి కొస కూడా ఇదే విధంగా ఉపయోగపడుతుంది. అది కారునలుపుగా లేకపోతే డెవలపరు పని సరిగా జరగలేదని తెలుసుకోవచ్చును.

నాలుగవది, ఫ్రేముల మధ్య ఖాళీ భాగం. ఇది పారదర్శకంగా ఉండాలి. 35 మి.మీ. ఫిల్ములలో చాలావాటికి ఆధార పొరలోనే లేత బూడిద ఛాయ ఉంటుంది. అంతకుమించి మసకగా ఉంటే ఫాగింగు జరిగినట్లు. పాలవంటి తెల్లని మసక ఉంటే ఫిక్సింగు పూర్తికానట్లు.

ఈ పరిశీలనలను క్లుప్తంగా ఇలా చెప్పవచ్చును:

* నీడ భాగాలు ఖాళీ, అంచు అక్షరాలు నలుపు: ఎక్స్‌పోజరు తక్కువ.
* నీడ భాగాలలో వివరం ఉంది, వెలుగు భాగాలు పలుచన, అంచు అక్షరాలు వెలిసినవి: డెవలపింగు తక్కువ.
* నీడ భాగాలు ఖాళీ, వెలుగు భాగాలు పలుచన, అంచు అక్షరాలు వెలిసినవి: ఎక్స్‌పోజరు, డెవలపింగు రెండూ తక్కువ.
* అంచులతో సహా ఫిల్మంతా ఒకే విధమైన మసక: ఫాగింగు.
* ఫ్రేముల మధ్య భాగం శుభ్రం, అక్షరాలు నలుపు, చిత్రంలోని నీడలలో మాత్రం మసక: కటకంలో చెదిరిన కాంతి.
* నెగెటివులో అన్ని సాంద్రతలు సక్రమం, ప్రింటు మాత్రం పేలవం: లోపం ఎన్లార్జరు, కాగితం లేదా చీకటి గదిలో ఉంది.

దృశ్యం, కటకం వలన కలిగే కారణాలు

దృశ్యంలోనే వెలుగునీడల తేడా తక్కువగా ఉంటే నెగెటివులో ఎక్కువ తేడా రాదు. ఎండలో ఉన్న దృశ్యంలో వివరం ఉన్న నీడకు, వివరం ఉన్న వెలుగుకు మధ్య సుమారు 7 స్టాపుల తేడా ఉంటుంది. మబ్బు పట్టిన రోజున అది 4 లేక 5 స్టాపులకు తగ్గుతుంది. ఒక్కొక్క స్టాపు అనగా కాంతి రెట్టింపు కావడం. మబ్బు రోజున తీసిన ఫిల్మును ఎండ రోజున తీసిన దానికి వాడే కాలమే కడిగితే చిత్రాలు సహజంగానే పేలవంగా వస్తాయి. ఇటువంటి ఫిల్ముకు డెవలపింగు కాలాన్ని సుమారు 20 నుండి 30 శాతం పెంచడం వాడుకలో ఉన్న పద్ధతి.

రంగుల విషయం వేరు. పాంక్రోమాటిక్ ఫిల్ము అన్ని రంగులనూ బూడిద ఛాయలుగా మారుస్తుంది. మిరపచేనులో పండుమిరప కాయలు, పచ్చని ఆకులు కంటికి ఎంత భిన్నంగా కనిపించినా, ఫిల్ము మీద రెండూ దాదాపు ఒకే బూడిద ఛాయగా పడవచ్చును. కటకం ముందు ఎర్ర ఫిల్టరు పెడితే కాయలు తెల్లగా, ఆకులు నల్లగా విడిపోతాయి. ఆకుపచ్చ ఫిల్టరు దీనికి విరుద్ధంగా పనిచేస్తుంది. నీలాకాశంలో మబ్బులు విడిగా కనిపించడానికి పసుపు, నారింజ, ఎరుపు ఫిల్టర్లు క్రమంగా ఎక్కువ ప్రభావం చూపుతాయి. దూరపు కొండల మీది పలుచని మసకను కూడా ఇవి కొంతవరకు తగ్గిస్తాయి. పసుపు ఫిల్టరుకు సుమారు 1 స్టాపు, ముదురు ఎరుపు ఫిల్టరుకు సుమారు 3 స్టాపుల ఎక్స్‌పోజరు అదనంగా ఇవ్వాలి. ఈ లెక్క మరచిపోతే నెగెటివు పలుచనై, ఒక లోపం పోయి మరొక లోపం వస్తుంది.

కటకంలోకి నేరుగా ఎండ పడినప్పుడు లోపలి గాజు తలాల మధ్య కాంతి చెదిరి ఫిల్మంతా పరచుకొంటుంది. దీనిని ఫ్లేరు అంటారు. వెలుగు భాగాలకు ఇది లెక్కలోనిది కాదు. నీడ భాగాలకు మాత్రం ఇది ఉన్న కాంతిని రెట్టింపు కూడా చేయగలదు. అందువలన నలుపు పోయి బూడిద మిగులుతుంది. కటకం మీది వేలిముద్రలు, ధూళి, లోపల పెరిగిన బూజు కూడా ఇదే ఫలితాన్నిస్తాయి. పూత లేని పాత కటకాలలో ఇది మరీ ఎక్కువ. కటకాలకు ప్రతిబింబాలను తగ్గించే పూత వేసే పద్ధతిని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా 1935లో కనుగొన్నాడు. కటకం తొడుగు వాడడం, కటకాన్ని శుభ్రంగా ఉంచడం దీనికి నివారణ. చిన్న చేతి దీపంతో కటకం గుండా చూస్తే లోపలి బూజు, మసక బయటపడతాయి.

ఎక్స్‌పోజరు వలన కలిగే కారణాలు

ఎక్స్‌పోజరు తక్కువైతే నీడ భాగాలు వక్రరేఖ పాదంలోకి జారుతాయి. అక్కడ ఛాయల మధ్య తేడాలు ఉండవు. అటువంటి నెగెటివు నుండి మామూలు కాగితం మీద ప్రింటు వేస్తే నీడలు మట్టి రంగు బూడిదగా వస్తాయి. దీనికి మందుగా డెవలపింగు కాలం పెంచడాన్ని పుష్ చేయడం అంటారు. పుష్ చేసినప్పుడు మధ్య ఛాయలు, వెలుగు భాగాలు బలపడి కాంట్రాస్టు పెరుగుతుంది. నమోదు కాని నీడల వివరాలు మాత్రం రావు. పేలవమైన ఫలితం చూసి, కారణం తెలుసుకోకుండా ప్రతిసారీ డెవలపింగు పెంచుకొంటూ పోయేవారికి చివరకు నీడలు లేని, వెలుగులు సున్నంలా తెల్లబడిన చిత్రాలు మిగలడానికి కారణం ఇదే.

కాంతిమాపకం చూపే కొలతను సరిగా అర్థం చేసుకోకపోవడం తక్కువ ఎక్స్‌పోజరుకు ప్రధాన కారణం. మాపకం తాను చూసిన ప్రతిదానినీ మధ్యస్థ బూడిద ఛాయగా భావిస్తుంది. తెల్లని గోడ ముందు, ఇసుక మీద, ప్రకాశవంతమైన ఆకాశం ఎదుట నిలబడిన వ్యక్తిని తీసినప్పుడు మాపకం మాట విన్నట్లయితే ముఖం చీకటిగా వస్తుంది. వివరం కావలసిన ముదురు నీడను మాపకంతో దగ్గరగా కొలిచి, ఆ కొలత కంటే 2 స్టాపులు తగ్గించి ఎక్స్‌పోజరు ఇవ్వడం నమ్మదగిన పద్ధతి. పాత కెమెరాలలో షట్టరు వేగం తప్పడం, మాపకపు బ్యాటరీ బలహీనపడడం కూడా పరిశీలించవలసినవే.

ఎక్స్‌పోజరు మరీ ఎక్కువైనా చిత్రం పేలవం కావచ్చును. వెలుగు భాగాలు వక్రరేఖ భుజానికి చేరి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అయితే నేటి ఫిల్ములలో సరళరేఖ భాగం చాలా పొడవైనది కనుక ఒకటి రెండు స్టాపులు ఎక్కువైనా పెద్ద నష్టం ఉండదు. తక్కువైతేనే నష్టం.

డెవలపింగు వలన కలిగే కారణాలు

పేలవమైన నెగెటివులకు అన్నింటికంటే సాధారణ కారణం డెవలపింగు చాలకపోవడం. ఇది కాలం, ఉష్ణోగ్రత, ద్రావణపు బలం, కదలిక అనే నాలుగింటి మీద ఆధారపడి ఉంటుంది.

కాలం, ఉష్ణోగ్రత: తయారీదారులు ఇచ్చే కాలాలు సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌కు లెక్కించినవి. ఉదాహరణకు ఇల్ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్ ఫిల్మును ఐఎస్ఓ 400 వద్ద వాడినప్పుడు ఐడి-11 డెవలపరులో నేరుగా అయితే 7½ నిమిషాలు, సమానంగా నీరు కలిపితే 13 నిమిషాలు కడగాలి. నీరు కలిపిన ద్రావణాన్ని కలపని దాని కాలంతో కడగడం తరచుగా జరిగే పొరపాటు. ద్రావణం చల్లగా ఉంటే పని మందగిస్తుంది. అనేక డెవలపర్లలో ఉండే హైడ్రోక్వినోన్ సుమారు 13 డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రత వద్ద దాదాపు పనిచేయదు. ఉష్ణమాపకమే రెండు డిగ్రీలు తప్పు చూపుతుంటే ప్రతి ఫిల్మూ ఒకే విధంగా చెడుతుంది. కనుక దానిని మరొక మంచి ఉష్ణమాపకంతో పోల్చి చూడాలి.

ద్రావణపు బలం: డెవలపరు గాలి తగిలి ఆక్సీకరణం చెందుతుంది, వాడిన కొద్దీ బలం కోల్పోతుంది. చాలా డెవలపర్లు పాడైనప్పుడు గోధుమ రంగుకు తిరుగుతాయి. కోడాక్ 1996లో విడుదల చేసిన ఎక్స్‌టాల్ వంటివి రంగు మారకుండానే పనిచేయడం మానివేయగలవు. అనుమానం ఉన్నప్పుడు ఫిల్ము కొసను కత్తిరించి, వెలుతురులోనే కొద్దిపాటి డెవలపరులో వేసి చూడాలి. కొద్ది నిమిషాలలో అది నల్లబడకపోతే ఆ ద్రావణాన్ని పారబోయాలి. రెండు నిమిషాల ఈ పరీక్ష మళ్లీ తీయడానికి వీలుకాని ఒక పెళ్ళి ఫిల్మును కాపాడగలదు.

కదలిక: ఫిల్మును తాకిన ద్రావణం అక్కడికక్కడే బలహీనపడుతుంది. డబ్బాను తిరగవేస్తూ ఉంటే కొత్త ద్రావణం చేరుతుంది. ప్రతి నిమిషం మొదటి 10 సెకన్లలో 4 సార్లు తిరగవేయమని ఇల్ఫర్డ్ సూచిస్తుంది. ప్రతి 30 సెకన్లకు 5 సెకన్ల పాటు కదిలించడం మరొక వాడుక. కదలిక తగ్గితే వెలుగు భాగాల సాంద్రత తగ్గి కాంట్రాస్టు పడిపోతుంది. ఏ పద్ధతి ఎంచుకొన్నా ప్రతిసారీ దానినే పాటించాలి.

ఫాగింగు, వాతావరణ ప్రభావం

కాంతి తగలని చోట కూడా వెండి ఏర్పడడాన్ని ఫాగింగు అంటారు. కాలం చెల్లిన ఫిల్ము, వేడిలో నిల్వ, విమానాశ్రయాలలోని ఎక్స్-రే యంత్రాలు, చీకటి గదిలోకి చొరబడిన వెలుతురు దీనికి కారణాలు. ఫాగింగు నీడ భాగాలకు సాంద్రతను చేర్చి, వాటిలోని చిన్న తేడాలను మింగివేస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి వేడి ప్రాంతాలలో వేసవి కాలంలో కుళాయి నీరే 30 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు డెవలపింగు మరీ వేగంగా జరిగి అదుపు తప్పుతుంది, ఫాగింగు పెరుగుతుంది. మంచు ముక్కలను ప్లాస్టిక్ సంచిలో కట్టి, డెవలపరు సీసా ఉంచిన నీటి తొట్టెలో వేసి ఉష్ణోగ్రతను దించవచ్చును. మంచును నేరుగా డెవలపరులో వేస్తే అది పలుచనై, కాంట్రాస్టు తగ్గుతుంది. ఫిల్మును గాలి చొరని డబ్బాలో ఉంచి ఫ్రిజ్‌లో నిల్వ చేయాలి. బయటకు తీసిన తరువాత గది వేడికి వచ్చే వరకు మూత తెరవరాదు. లేకపోతే దానిమీద తేమ పడుతుంది. కోస్తా ప్రాంతపు తేమ కటకాలలో బూజుకు అనుకూలం.

ఉదకమండలంలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ 'ఇందు' పేరుతో నలుపు-తెలుపు ఫిల్ములు, కాగితాలు తయారుచేసేది. ఆ కర్మాగారం ఇప్పుడు పనిచేయడం లేదు. కనుక అటువంటి పాత సరుకు ఎక్కడైనా దొరికినప్పుడు, అది ఫాగింగుకు గురై ఉంటుందనే భావించి ముందుగా ఒక ముక్కను పరీక్షించాలి.

ప్రింటు వేయడంలో కలిగే కారణాలు

నెగెటివు సక్రమంగా ఉండి ప్రింటు పేలవంగా ఉంటే మొదట చూడవలసినది కాగితపు గ్రేడు. కాగితాలకు 0 నుండి 5 వరకు గ్రేడులు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ కాంట్రాస్టు పెరుగుతుంది. ఇల్ఫర్డ్ 1940లో ప్రవేశపెట్టిన మల్టీగ్రేడ్ వంటి కాగితాలలో ఫిల్టర్లను మార్చి ఒకే కాగితం మీద అన్ని గ్రేడులూ పొందవచ్చును. వీటి ఎమల్షను నీలికాంతికి ఎక్కువ కాంట్రాస్టుతోను, ఆకుపచ్చ కాంతికి తక్కువ కాంట్రాస్టుతోను స్పందిస్తుంది. పసుపు ఫిల్టరు నీలికాంతిని ఆపి కాంట్రాస్టు తగ్గిస్తుంది. మెజెంటా ఫిల్టరు ఆకుపచ్చను ఆపి కాంట్రాస్టు పెంచుతుంది.

రెండవది, కాగితాన్ని డెవలపరు నుండి తొందరపడి తీయడం. ఎన్లార్జరు కింద వెలుతురు ఎక్కువ పడినప్పుడు ప్రింటు నల్లబడుతుందన్న భయంతో 20, 30 సెకన్లకే బయటకు లాగుతారు. అప్పుడు పూర్తి నలుపు రాదు, మచ్చలు పడతాయి. ప్లాస్టిక్ పూత గల ఆర్‌సి కాగితాన్ని సుమారు 1 నిమిషం, ఫైబరు కాగితాన్ని 2 నుండి 3 నిమిషాలు పూర్తిగా డెవలప్ చేసి, నలుపు ఎక్కువైతే తరువాతి కాగితానికి ఎక్స్‌పోజరు తగ్గించాలి.

మూడవది, కాగితం మీద ఫాగింగు. దీనిని మూడు ముక్కలతో తేల్చవచ్చును. ఒక ముక్కను పూర్తి చీకటిలో నేరుగా ఫిక్సరులో వేయాలి. రెండవ దానిని పూర్తి చీకటిలోనే డెవలప్ చేసి ఫిక్స్ చేయాలి. మూడవ దానిని ఎర్ర దీపం కింద కొన్ని నిమిషాలు ఉంచి అదే విధంగా చేయాలి. రెండవది మొదటి దాని కంటే బూడిదగా ఉంటే కాగితం పాతబడింది, లేదా డెవలపరు చెడింది. మూడవది మాత్రమే బూడిదగా ఉంటే దీపం సురక్షితం కాదు. మూడవ ముక్కకు ముందుగా ఎన్లార్జరుతో లేత బూడిద వచ్చేంత వెలుతురు ఇచ్చి, దాని మీద ఒక నాణెం ఉంచితే పరీక్ష మరింత సున్నితంగా ఉంటుంది. నాణెం ఆకారం కనిపిస్తే దీపాన్ని మార్చాలి.

నాలుగవది, ఎన్లార్జరు. దాని కటకం మీది ధూళి, నెగెటివు అంచుల చుట్టూ కారే కాంతి ప్రింటులోని తెలుపును మసకబారుస్తాయి. కండెన్సరు రకపు ఎన్లార్జరు అదే నెగెటివును డిఫ్యూజన్ రకం కంటే ఎక్కువ కాంట్రాస్టుతో చూపిస్తుంది. ఆంద్రే కాలియర్ పేరు మీద దీనిని కాలియర్ ప్రభావం అంటారు. కాగితపు ఉపరితలం కూడా ముఖ్యమే. మెరుపు కాగితం మీద నలుపు సాంద్రత 2.0 దాటుతుంది. మెరుపు లేని కాగితం మీద అది సుమారు 1.6 వద్ద ఆగిపోతుంది. తడి ప్రింటు కంటే ఆరిన ప్రింటు కొంత ముదురుగా, పేలవంగా కనిపించడం సహజం.

పేలవమైన నెగెటివులను ఉపయోగించుకొనే మార్గాలు

డెవలపింగు మాత్రమే తగ్గిన నెగెటివులో నీడల వివరం ఉంటుంది కనుక 4 లేక 5 గ్రేడుతో మంచి ప్రింటు సాధ్యమే. పూర్తిగా ఫిక్స్ చేసి కడిగిన నెగెటివును సెలీనియం టోనరులో ఉంచితే వెలుగు భాగాల సాంద్రత పెరిగి, సుమారు ఒక గ్రేడు కాంట్రాస్టు లభిస్తుంది. సెలీనియం విషపదార్థం. చేతి తొడుగులు, గాలి ఆడే గది తప్పనిసరి.

ఫాగింగు వలన గాని, ఎక్కువ ఎక్స్‌పోజరు వలన గాని మసకబారిన నెగెటివుకు ఫార్మర్ రెడ్యూసరు పనికివస్తుంది. హోవార్డ్ ఫార్మర్ 1883లో ప్రకటించిన ఈ ద్రావణంలో పొటాషియం ఫెర్రిసయనైడు, సోడియం థయోసల్ఫేటు ఉంటాయి. ఇది మసకను ముందుగా తొలగించి నీడలను శుభ్రపరుస్తుంది. పని వేగంగా జరుగుతుంది, తొలగిన వెండి తిరిగి రాదు. కనుక ముందుగా నెగెటివుకు మంచి స్కాను గాని, నకలు గాని తీసి పెట్టుకోవడం, పనికిరాని నెగెటివు మీద పద్ధతిని పరీక్షించడం అవసరం. పాలవంటి మసక గల నెగెటివుకు ఇవేవీ అవసరం లేదు. కొత్త ఫిక్సరులో మరల ఫిక్స్ చేసి, బాగా కడిగితే చాలు.

నెగెటివులను స్కాను చేసేవారికి మొదట కనిపించే చిత్రం తరచుగా పేలవంగానే ఉంటుంది. సమాచారం పోకుండా స్కానరు విస్తృతమైన పరిధిని తీసుకోవడం దీనికి కారణం. ఇది ఫిల్ము లోపం కాదు. నలుపు, తెలుపు బిందువులను సరిచేసిన తరువాతనే నెగెటివు గురించి నిర్ణయానికి రావాలి. ఎక్స్‌పోజరు తగ్గి నీడలు ఖాళీగా ఉన్న నెగెటివుకు మాత్రం చీకటి గదిలోను, కంప్యూటరులోను పూర్తి చికిత్స లేదు. ఎక్కువ గ్రేడుతో ప్రింటు వేసి, నీడలను నల్లగా వదలివేసి, ముఖాలు మొదలైన మధ్య ఛాయలను నిలబెట్టుకోవడం ఒక్కటే మార్గం.

నివారణ

ఒకే రకం ఫిల్ము, ఒకే డెవలపరు కొంతకాలం వాడుతూ, ప్రతి ఫిల్ముకు దృశ్యపు వెలుతురు, ఎక్స్‌పోజరు, ద్రావణం, ఉష్ణోగ్రత, కాలం ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఫలితం పేలవంగా వచ్చినప్పుడు ఒకసారికి ఒక అంశాన్ని మాత్రమే మార్చాలి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఫలితం మెరుగైనా, దానికి కారణం ఏదో తెలియదు. గ్రేడు 2 కాగితం మీద వరుసగా కొన్ని ఫిల్ములు పేలవంగా వస్తే డెవలపింగు కాలాన్ని 10 నుండి 15 శాతం చొప్పున పెంచి చూడాలి. నీడలు ఖాళీగా వస్తుంటే కాలాన్ని మార్చక, ఐఎస్ఓ 400 ఫిల్మును 200గా లెక్కించి ఎక్స్‌పోజరు పెంచాలి.

ఇవి కూడా చూడండి

* ఛాయాచిత్రకళ
* ఫోటోగ్రఫిక్ ఫిల్ము
* జోన్ పద్ధతి
* చీకటి గది
* ఎన్లార్జరు